టాక్సు భయంతో బ్లాక్ తీసుకోకండి మాస్టారూ

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నేను రిటైరైన సోషల్ టీచర్ని, వయసు 64. బలగ వైపు 160 గజాల్లో ఇల్లు ఉంది. 2005 జూన్‌లో కట్టిన ఇల్లే 11 లక్షలకు కొన్నాం. 2012 చివర్లో 8 లక్షలు పెట్టి పైన ఒక వాటా వేశాం. దాని మీద నెలకు 9 వేలు అద్దె వస్తోంది. అమ్మాయి విశాఖలో మధురవాడలో ఉంటుంది. మాకూ పెద్దతనం వచ్చింది కాబట్టి ఇక్కడ అమ్మేసి అక్కడ 58 లక్షల్లో ఫ్లాట్ కొనుక్కుందామని ఆలోచన. మా ఇంటికి ఒక వ్యాపారి 72 లక్షలు ఇస్తానన్నారు. కాకపోతే రిజిస్ట్రేషన్ 45 లక్షలకే చేయించి, మిగతా 27 లక్షలు నగదు ఇస్తారట. అలాగైతే మాకే టాక్సు ఉండదని చెబుతున్నారు. ఈ ఆదివారం రెండు లక్షలు బయానా తెస్తానన్నారు. సంక్రాంతి వెళ్లాక రిజిస్ట్రేషన్. మా అబ్బాయేమో ఫ్లాట్ వద్దు, భోగాపురం దగ్గర స్థలం కొనమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, ముందుగా ఒక్క మాట. ఆదివారం ఆ రెండు లక్షలు చేతిలోకి తీసుకోకండి. ఎందుకో చెబుతాను.

మీ వ్యాపారి చెప్పింది అబద్ధం కాదు. 45 లక్షలు చూపిస్తే మీకు టాక్సు ఉండదు. ఆయన చెప్పనిది ఇంకోటుంది. 72 లక్షలు చూపించి, మీరనుకున్న ఫ్లాట్ కొన్నా టాక్సు ఉండదు. లెక్క వేసి చూద్దాం.

2024 జూలై 23 నుంచి రూలు మారింది. అంతకుముందు కొన్న ఇల్లు అమ్మితే మీ దగ్గర రెండు దారులున్నాయి. లాభం మీద నేరుగా 12.5 శాతం కట్టడం ఒకటి. కొన్న ధరను ధరల సూచీతో, అంటే ధరల పెరుగుదలకి ప్రభుత్వం ఏటా ప్రకటించే అంకెతో పెంచుకుని, మిగిలిన లాభం మీద 20 శాతం కట్టడం ఇంకోటి. ఏది తక్కువైతే అదే కడతారు. మొదటి దారిలో 72 లోంచి మీరు పెట్టిన 11, 8 కలిపి 19 తీస్తే 53 లక్షలు, దాని మీద 12.5 శాతం అంటే 6 లక్షల 62 వేలు. రెండో దారిలో 2005-06 సూచీ 117, 2012-13 సూచీ 200, 2025-26 సూచీ 376. ఆ ప్రకారం మీ 11 లక్షలు 35.35 లక్షలవుతాయి, పై వాటాకి పెట్టిన 8 లక్షలు 15.04 లక్షలవుతాయి. రెండూ కలిపి 50.39. మిగిలిన లాభం 21.61 లక్షలు, దాని మీద 20 శాతం అంటే 4 లక్షల 32 వేలు. సర్‌ఛార్జీ, సెస్సు పక్కన పెట్టాను.

ఇది కూడా మీరు డబ్బు బ్యాంకులో వేసుకుని ఊరుకుంటేనే. ఇల్లు అమ్మిన రెండేళ్లలోపు ఆ లాభంతో ఇంకో ఇల్లు కొంటే మినహాయింపు ఉంది. సెక్షన్ 54 అని ఆడిటర్లు చెప్పేది దీన్నే. మీ లాభం పెద్ద లెక్కలో చూసినా 53 లక్షలు, మీరు కొనబోయేది 58 లక్షల ఫ్లాటు. కట్టాల్సింది సున్నా. వచ్చే జూలై 31లోపు, అంటే రిటర్న్ గడువులోగా ఫ్లాటు కుదరకపోతే, ఆ లాభం మొత్తాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ అకౌంట్లో వేసి ఉంచాలి. మామూలు సేవింగ్స్ అకౌంట్లో ఉంచితే చెల్లదు. ఈ ఒక్కటి మర్చిపోయి మినహాయింపు పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి ఏటా ఒకరిద్దరు వస్తుంటారు.

మరి 45 లక్షలకి రాయించుకుంటే లాభం ఎవరికి? మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం కలిపి 7.5 శాతం, అది కొనేవాడు పెట్టుకునేది. 27 లక్షలు దాచేస్తే ఆయనకు 2 లక్షల 2 వేలు మిగులుతాయి. పైగా 50 లక్షలు, ఆపై ధరకు కొంటే ఒక శాతం టీడీఎస్ కోసి మీ పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలి. 45 అంటే ఆ పని తప్పుతుంది. ఆయన బీరువాలో మూలుగుతున్న నగదుకు దారీ దొరుకుతుంది. అంటే లాభం ఆయనది, టెన్షన్ మీది.

ఆ టెన్షన్ ఎంతటిదంటే, ఇల్లు, స్థలం లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదని చట్టం. బయానా అయినా సరే. తీసుకుంటే ఎంత తీసుకున్నారో అంతే జరిమానా వేయొచ్చు. అది పడేది ఇచ్చినవాడి మీద కాదు, తీసుకున్నవాడి మీద. 27 లక్షలు తీసుకుంటే 27 లక్షల జరిమానాకి మీరు మెడ చాచినట్టే. ఆదివారం రెండు లక్షలకీ ఇదే లెక్క.

నాకు తెలిసిన ఒక పెద్దాయన 2016 దసరాకి ముందు ఇలాగే స్థలం అమ్మి, 14 లక్షలు నగదు తీసుకుని ఇనప బీరువాలో చీరల కింద పెట్టారు. నెల తిరగకుండానే నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయ్యాయి. ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే చూపించడానికి ఆయన దగ్గర ఒక్క కాగితం లేదు. బంధువుల అకౌంట్లన్నీ తిరిగి, కమీషన్లు ఇచ్చి, చివరికి చేతికొచ్చింది ఎంతో ఆయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంకో చిక్కుంది. మీరు బ్లాక్ తీసుకుంటే మధురవాడలో కూడా బ్లాకే ఇవ్వాల్సి వస్తుంది. 58 లక్షల ఫ్లాటుకి రిజిస్ట్రేషన్ 4.35 లక్షలు, మొత్తం 62.35. మీ బ్యాంకులో ఉండేది 45. మిగతా 17 లక్షలకు పైగా నగదు తీసుకునే అమ్మకందారు దొరకాలి, లేదంటే 64 ఏళ్ల వయసులో లోను కోసం తిరగాలి. ఒకవేళ ఫ్లాటు ధర కూడా తగ్గించి రాయించుకున్నారే అనుకోండి, రేపు మీ అమ్మాయి అది అమ్మినప్పుడు కొన్న ధర తక్కువగా కనిపించి, ఆ టాక్సు ఆమె నెత్తిన పడుతుంది.

ఇక మీ అబ్బాయి మాట. 2023 మేలో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచీ రణస్థలం దాటితే చాలు, చేతిలో బ్రోచర్ పెడుతున్నారు. అక్కడ ధరలు పెరుగుతాయా లేదా అని నేను వాదించను. కానీ ఇల్లు అమ్మి ఖాళీ స్థలం కొంటే పైన చెప్పిన మినహాయింపు రాదు. అది రావాలంటే మూడేళ్లలోపు ఆ స్థలంలో ఇల్లు కట్టి తీరాలి. మీరు అక్కడ ఇల్లు కట్టుకుని ఉండబోతున్నారా? అబ్బాయి సరదా పడితే తన జీతంతో కొనుక్కోమనండి. కొనేముందు ఆ సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో లేదని, లేఅవుటుకి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉందని చూసుకోమనండి.

మీరు అడగనిది ఒకటి నాకు గుచ్చుకుంటోంది. పై వాటా అద్దె 9 వేలు పోతుంది. ఫ్లాటులో మెయింటెనెన్స్ మూడున్నర వేలు అనుకుందాం. అంటే నెలకు పన్నెండున్నర వేల తేడా. అమ్మకంలో ఫ్లాటు, రిజిస్ట్రేషన్, బ్రోకరు, సామాన్ల లారీ అన్నీ పోగా మీకు మిగిలేది ఎనిమిదిన్నర లక్షలు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో పెడితే ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీకి మూడు నెలలకోసారి 17,400 వస్తుంది, అంటే నెలకు 5,800. మిగతా 6,700 మీ పెన్షన్లోంచి పోవాలి. భరించగలరా అన్నది మీ ఆవిడతో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. నన్నడిగితే, ముందు ఓ ఏడాది మధురవాడలో అద్దెకి ఉండి చూడండి. కింద వాటా కూడా అద్దెకిస్తే అక్కడి అద్దెలో చాలా భాగం ఇక్కడి నుంచే వస్తుంది. బలగలో వీధి వీధంతా మిమ్మల్ని మాస్టారూ అని పిలిచేవాళ్లే. అపార్ట్‌మెంట్లో లిఫ్టు దగ్గర ఎవరూ పలకరించకపోతే ఎలా ఉంటుందో కొనకముందే తెలియడం మంచిది.

లేదు, అమ్మకమే ఖాయం అనుకుంటే, ఆ వ్యాపారికి ఫోన్ చేసి "మొత్తం 72కీ రిజిస్ట్రేషన్, బయానాతో సహా అంతా బ్యాంకు ద్వారానే" అని చెప్పండి. ఒప్పుకోకపోతే, ధర ఒకటి రెండు లక్షలు తగ్గినా పర్వాలేదు, బ్యాంకు లోనుతో కొనే ఉద్యోగస్తుణ్ని చూసుకోండి. లోను తీసుకునేవాడికి ధర తక్కువ రాయించుకుంటే తనకే నష్టం, అందుకే బ్లాక్ మాట ఎత్తడు. 72 లక్షలకి కొనేవాళ్లు కోసే 72 వేల టీడీఎస్ గురించి బెంగ వద్దు, రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. కానీ మీ పాన్‌కి ఆధార్ లింక్ అయిందో లేదో ఈ వారంలోనే చూసుకోండి. కాకపోతే ఒక శాతం బదులు 20 శాతం కోస్తారు.

2012లో పై వాటా వేసినప్పటి ఇనుము, సిమెంటు బిల్లులు, మేస్త్రీకి ఇచ్చిన చెక్కుల వివరాలున్న పాస్‌బుక్కు అటక మీద ఏ ట్రంకు పెట్టెలో ఉన్నాయో వెతకండి. దొరకకపోతే ఆస్తికి విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత సర్టిఫికెట్ రాయించుకోవాలి. అది ఇల్లు అమ్మకముందే చేయించండి. తాళాలు ఇచ్చేశాక కొలతలకి లోపలికి రానివ్వమని కొన్నవాళ్లని అడుక్కోవాల్సి వస్తుంది.