వెనక్కి తిరిగే మాట ముందే అనుకోండి

అమ్మడూ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు చుట్టూ మనుషులుండి సరిగ్గా మాట్లాడలేకపోయాను. "పెద్దమ్మా, శని ఆదివారాలు కారేసుకుని ఆ పాత నగరం చూసొద్దామనుకుంటున్నాం, వద్దంటావా?" అని అడిగావు. వద్దనను. కోవిడ్ వల్ల పిల్లలు ఇన్నాళ్లూ తెర ముందు కూర్చునే చదువుకున్నారు. కాస్త ఆకాశం కింద తిరగాలని వాళ్లకి అనిపించడంలో తప్పేముంది? కేసులు తగ్గాయి, ఆంక్షలూ సడలించారు. వెళ్లండి. కాకపోతే మామూలు రోజుల్లో వెళ్లినట్టు వెళ్లకండి.

ఇల్లు కదలకముందే ఒక పని చెయ్యి. నువ్వూ అల్లుడుగారూ కూర్చుని, ఏం జరిగితే వెనక్కి వచ్చెయ్యాలో మాట్లాడుకోండి. ఒకరికి ఒళ్లు వెచ్చబడినా, గొంతు నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి వాసన తెలియకపోయినా వచ్చెయ్యాలి. అక్కడి ఆంక్షలు మారినా అంతే. కాగితం మీద రాసి కారు అద్దం దగ్గర పెట్టుకోండి. ఇంట్లో ఉన్నప్పుడు తేలిగ్గా తీసుకునే నిర్ణయం, అక్కడ కోట గుమ్మం ముందు నిలబడ్డాక తీసుకోలేం. నాకు అది అనుభవం మీదే తెలిసింది.

నీకు ఎప్పుడూ చెప్పలేదు గానీ, కిందటిసారి మీ పెదనాన్నా నేనూ ఇలాగే ఒక పాత ఊరు వెళ్లాం. శనివారం రాత్రి ఆయనకి గొంతు గరగరలాడింది. రోడ్డు మీద దుమ్ము అనుకున్నాం. అలా అనుకోవాలనిపించింది, అదీ నిజం. రెండు రాత్రులకి గది డబ్బు కట్టేశాం, మర్నాడు పొద్దున బురుజు ఎక్కడానికి టికెట్లూ తీసుకున్నాం. ఎక్కాం. ఇద్దరు పక్కపక్కన పట్టనంత ఇరుకు మెట్లు, గుండ్రంగా తిరుగుతూ పైకి పోతాయి. కిటికీ అన్నది లేదు, గోడలో అక్కడక్కడా చిన్న సందులు మాత్రం ఉన్నాయి. మా వెనకే ఒకావిడ చంటిపిల్లని భుజాన వేసుకుని ఎక్కుతోంది. ఆ పిల్ల మీ పెదనాన్న వీపు మీద చొక్కా పట్టుకుని లాగుతూ నవ్వుతుంటే ఆయన వెనక్కి తిరిగి, మాస్కు కిందికి లాగి, దానితో కబుర్లు చెప్పారు. మంగళవారానికి ఆయనకి జ్వరం, బుధవారం పరీక్షలో పాజిటివ్. ఆయన కోలుకున్నారు. ఆ తల్లీపిల్లా ఎవరో, ఏ ఊరో, వాళ్లకేమైందో మాకు తెలిసే దారి లేదు. ఇప్పటికీ రాత్రిళ్లు నాకు ఆ మెట్లే గుర్తొస్తాయి. కోవిడ్ సోకాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 14 రోజులు పట్టొచ్చని, అవి కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే పక్కవాళ్లకి అంటుతుందని నేను చదువుకున్నదంతా ఆ తర్వాతే.

అందుకే గది తీసుకునేటప్పుడు, చివరి నిమిషంలో మానుకున్నా డబ్బు వెనక్కిచ్చేది చూసి తీసుకో. కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు. పోయే డబ్బు లేకపోతే వెనక్కి రావడానికి మనసు తొందరగా ఒప్పుకుంటుంది. కిటికీలు తెరుచుకునే గది అడుగు. లోపలికి వెళ్లగానే వాటిని కాసేపు తెరిచి ఉంచాకే సామాను సర్దుకోండి.

ఇక కారు. మీ బండి నెలల తరబడి కదల్లేదన్నావు. బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, టైర్లలో గాలి తగ్గి ఉంటుంది. వారం ముందే ఒకరోజు తీసి, అరగంట తిప్పి చూడండి. బానెట్ ఎత్తి ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడమను. కదలని బండి ఇంజను దగ్గర అవి గూడు పెట్టేస్తాయి. స్టెప్నీలో గాలి కూడా. దారి మధ్యలో బండి ఆగితే, తెలియని మెకానిక్ షాపులో పదిమంది మధ్య గంటలు గంటలు కూర్చోవాలి. ఈ రోజుల్లో అదే పెద్ద ముప్పు.

మీ స్నేహితుల కుటుంబం కూడా వస్తానంటోందని విన్నాను. రానీ, కానీ వాళ్ల కారులో. ఒక ఇంటివాళ్లు ఒక బండిలో, అంతే. మొహమాటపడకు. మూసిన కారులో నాలుగైదు గంటలు పక్కపక్కన కూర్చోవడమంటే ఒకే గాలి అందరూ పంచుకోవడమే. తప్పనిసరిగా బయటివాళ్లని ఎక్కించుకోవలసివస్తే అందరూ మాస్కులు తియ్యకుండా, కిటికీలు దించుకుని వెళ్లండి. రెండే దించగలిగితే ఎదురెదురు మూలలవి దించండి, ముందు ఒక పక్కది, వెనక రెండో పక్కది. గాలి అడ్డంగా దూసుకుపోతుంది. ఏసీ వేసినా లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ బటన్ ఆపి, బయటి గాలి వచ్చేలా పెట్టమను.

తినేవి ఇంటి నుంచే కట్టుకెళ్లి చెట్టు కింద ఆగి తినండి. శానిటైజర్‌లో ఆల్కహాల్ 60 శాతం తగ్గకుండా చూసుకో, ఎండలో నిలిపిన కారులో ఆ సీసా వదిలేయకు. థర్మామీటరు, ఆక్సీమీటరు, రోజూ వేసుకునే మందులు నాలుగు రోజులు ఎక్కువే పెట్టుకో. అక్కడే ఆగిపోవలసివస్తే పనికొస్తాయి.

ఊళ్లోకి వెళ్లాక సంగతి కొంచెం వివరంగా చెప్తాను, నాకు ఇష్టమైన భాగం ఇదే. పాత నగరంలో చూడవలసిన వాటిలో సగానికి పైగా ఆరుబయటే ఉంటాయి. కోటగోడ, ద్వారాలు, బావులు, మెట్ల వరసలు, ఇళ్ల ముంగిళ్లు. మనం మాత్రం మ్యూజియం ముందు క్యూ కట్టి, చీకటి గదుల్లో అద్దాల పెట్టెలు చూసి, ఊరు చూశాం అనుకుంటాం. ఈసారి తిరగేసి చూడండి. తెల్లవారుతుండగా బయలుదేరి గోడ పక్కనే నడవండి. ఆ వేళ మనుషులు తక్కువ, ఏటవాలు ఎండలో రాతి మీద ఉలి దెబ్బలు కూడా కనిపిస్తాయి. పిల్లల్ని వేళ్లతో తడిమి చూడమను, తర్వాత చేతులు కడిగించు. పదిన్నరకి జనం మొదలవగానే గదికి వచ్చి పడుకోండి. మళ్లీ సాయంత్రం. ఏదైనా మ్యూజియం చూసి తీరాలంటే, ఏ వేళకి ఎంతమందిని పంపుతున్నారో ముందే కనుక్కుని, మొదటి గంటకే ఎన్95 మాస్కుతో వెళ్లి తొందరగా బయటపడండి. సొరంగాలు, బురుజు మెట్లు వదిలెయ్యండి. వందల ఏళ్లుగా ఉన్నవి, మళ్లీ వెళ్లినప్పుడూ ఉంటాయి.

పిల్లలకి ఒక కథ చెప్పు. మనకొచ్చిన కష్టం ఈ పాత ఊళ్లకి కొత్త కాదు. ఇప్పుడు క్రొయేషియాలో ఉన్న డుబ్రోవ్నిక్‌ని అప్పట్లో రగూసా అనేవారు. ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్లు 30 రోజులు బయటే ఆగి రావాలని 1377లోనే ఆ ఊరు చట్టం చేసింది. తర్వాత ఆ గడువు నలభై రోజులైంది. ఇటాలియన్‌లో నలభైని క్వరాంటా అంటారు, మన నోట నానిన క్వారంటైన్ అక్కడిదే. వెనిస్‌లో సాంతా మరియా దెల్లా సాలూతే అనే పెద్ద చర్చి ఉంది, 1630లో ప్లేగు వస్తే అది తగ్గాలని మొక్కుకుని కట్టించినది. మన చార్మినార్ కూడా 1591లో ప్లేగు తగ్గిన గుర్తుగా కట్టిందేనని చాలామంది చెప్పుకుంటారు. కోట తలుపు దగ్గర నిలబెట్టి, "ఊళ్లో రోగం వస్తే ఈ తలుపులు ఏం చేసేవాళ్లంటారు?" అని అడుగు. మీ పెద్దవాడు బాగా ఆలోచించి చెప్తాడు.

గైడ్లు, బండ్లవాళ్లు ఇన్నాళ్లూ సంపాదన లేక కష్టపడ్డారు. గైడ్‌ని పెట్టుకోండి, ఆరుబయటే, ఆరడుగులు ఎడంగా నడుస్తూ. బేరం ఆడకండి. వాళ్లకి అడ్డమైన ఇబ్బందీ తేకుండా మీరు మాస్కు తియ్యకండి.

తిరిగి వచ్చాక సంగతే నాకు అన్నిటికన్నా టెన్షన్. మీ అత్తగారికి డెబ్బై దాటాయి, ఉబ్బసం ఉంది. మీరు వెళ్లేటప్పుడు ఆవిడని ఆడబడుచు ఇంట్లో ఉంచండి. ఆదివారం రాత్రి రాగానే పిల్లలు పరుగెత్తి వెళ్లి నానమ్మని కావలించుకుంటామంటారు. ఆపు. ఒక వారం ఆగి, అయిదో రోజు దాటాక పరీక్ష చేయించుకుని, నెగెటివ్ వచ్చి, ఎవరికీ దగ్గూ జ్వరం లేవంటేనే ఆవిడని తీసుకురండి. తిరిగి వచ్చిన మర్నాడే చేయించుకున్న పరీక్షలో నెగెటివ్ వచ్చిందని నమ్మకు, అప్పటికి ఏదీ బయటపడదు. ఇదంతా ఆవిడకి ముందే నువ్వే కూర్చుని చెప్పు, లేకపోతే తనని దూరం పెట్టారనుకుని నొచ్చుకుంటారు.

శనివారం పొద్దున బండి ఎక్కగానే నాకు ఒక మెసేజ్ పెట్టు. దారి మధ్యలోంచే ఇంటికి తిరిగి వచ్చేసినా సరే, పెట్టు. ఎందుకొచ్చేశారని అడగను.

మీ పెద్దమ్మ