ముందు 101, తరువాతే బకెట్టు

వేసవి మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు అందుతున్న ఉత్తరాలలో చాలావరకు అగ్నిప్రమాదాల గురించే ఉంటున్నాయి. విశాఖపట్నం పాఠకులు పంపిన ప్రశ్నలలో నలుగురికీ పనికివచ్చే వాటిని ఎంచి, ఈసారి వాటికే జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా పక్కవారి డాబా మీద తాటాకుల పందిరి అంటుకుంది. ఫైరింజన్ వస్తే డబ్బు కట్టవలసి వస్తుందేమోనని వారు చాలాసేపు ఫోన్ చేయకుండా బకెట్లతో నీళ్లు పోస్తూ కూర్చున్నారు. నిజంగా రుసుము ఉంటుందా? (ఒక గృహిణి, అల్లిపురం)

జవాబు: ఉండదమ్మా. మంటలు ఆర్పడానికి వచ్చిన సిబ్బంది ఇంటివారి దగ్గర పైసా తీసుకోరు. ఈ అపోహ వల్ల జరిగే ఆలస్యమే అసలు నష్టం, ఎందుకంటే ఒక బకెట్టుతో ఆరిపోయే మంట అయిదు నిమిషాలు గడిచేసరికి గదంతా వ్యాపిస్తుంది. ఇంట్లో ఇద్దరు ఉంటే ఒకరు నీళ్లు అందుకోవాలి, రెండవవారు అదే క్షణంలో 101కు ఫోన్ చేయాలి. ఆ నంబరు కలవకపోతే 112 ఉంది. ఈలోగా మంట ఆరిపోతే మళ్ళీ ఫోన్ చేసి ఆ మాట చెప్పండి, ఎవరూ తప్పు పట్టరు.

ఫోన్‌లో ఏమి కాలుతోందో, లోపల మనుషులు ఎవరైనా చిక్కుకున్నారో లేదో, దగ్గరలో అందరికీ తెలిసిన గుడి, బడి, కూడలి ఏదో చెప్పండి. కంగారులో చాలామంది ఇంటి నంబరు చెప్పి పెట్టేస్తారు. అల్లిపురం, పూర్ణా మార్కెట్, వన్‌టౌన్ సందులలో ఇంటి నంబరు పట్టుకుని ఇల్లు వెతకడం పోస్టుమేన్‌కే సాధ్యం. ఒక మనిషిని సందు మొదట్లో నిలబెట్టండి, అడ్డంగా ఉన్న మోటారు సైకిళ్లను తీయించండి. ఫైరింజన్‌కు నిప్పు కంటే ముందు ఎదురయ్యే అడ్డంకి అదే.

ప్రశ్న: మాది బీచ్ రోడ్డుకు దగ్గరి అపార్ట్‌మెంటు. ఏ.సి. వేసిన కొంతసేపటికి ప్లగ్గు వేడెక్కి, కాలిన వాసన వస్తోంది. ఎం.సి.బి. కూడా తరచుగా పడిపోతోందని, ఎలక్ట్రీషియన్ దాని స్థానంలో పెద్దది వేస్తానంటున్నాడు. వేయించవచ్చునా? (ఒక విశ్రాంత ఉద్యోగి, ఎం.వి.పి. కాలనీ)

జవాబు: వేయించకండి. తీగ మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పోతున్నప్పుడు సరఫరాను ఆపడమే ఎం.సి.బి. పని. తీగను మార్చకుండా దానిని మాత్రం పెద్దది చేస్తే, ఆగవలసిన చోట కరెంటు ఆగక, గోడలో ఉన్న తీగ పైతొడుగు కరగడం మొదలవుతుంది. అది బయటికి కనిపించదు, కనిపించేసరికి మంటగానే కనిపిస్తుంది. ఏ.సి.కి మీటరు బోర్డు నుంచి విడిగా తగినంత మందం గల తీగ, విడిగా ఒక ఎం.సి.బి., 16 ఆంపియర్ల సాకెట్టు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఏ.సి. నడిపేవారిని చూస్తూనే ఉన్నాము. వారి ధైర్యాన్ని మెచ్చుకోలేము.

సముద్రం ఒడ్డున ఉన్న ఇళ్లకు ఇంకొక బెడద ఉంది. ఉప్పుగాలి వల్ల బయటి యూనిట్‌లో తీగలు బిగించే చోట చిలుము పట్టి, ఆ అతుకులు వదులై వేడెక్కుతాయి. వేసవికి ముందు సర్వీసింగ్ చేసేవారు ఫిల్టరు కడిగి వెళ్లిపోకుండా బయటి యూనిట్ మూత కూడా తీయించి, అతుకులు బిగించి వెళ్లేలా చూడండి. మీ ప్లగ్గు పిన్నుల చుట్టూ తెల్లని ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటే, ఆ ప్లగ్గును, సాకెట్టును రెండింటినీ మార్పించేవరకు ఏ.సి. వేయకండి. ఒకవేళ మంట లేస్తే ముందు మెయిన్ ఆపాలి. కరెంటు ఉండగా నీళ్లు పోయకూడదు.

ప్రశ్న: ఎండలకు గ్యాస్ సిలిండర్ పేలుతుందని మా అత్తగారు దాని మీద తడిగుడ్డ కప్పి ఉంచుతున్నారు. అది అవసరమా? (ఒక గృహిణి, గాజువాక)

జవాబు: మీ అత్తగారి జాగ్రత్త మెచ్చుకోదగినదే కాని, భయపడవలసింది సిలిండర్ వేడికి కాదు, లీకుకు. సిలిండర్‌ను ద్రవంతో పూర్తిగా నింపకుండా, వేడికి వ్యాకోచించడానికి చోటు వదిలే నింపుతారు. అందువల్ల వంటింటి ఉక్కపోతకు అది పేలదు, మంటలలో చిక్కుకున్నప్పుడే ఆ ముప్పు. ఇళ్లలో మనం విన్న పేలుళ్లలో అనేకం, లీకైన గ్యాస్ గదిలో నిండి, ఎవరో స్విచ్ వేసినప్పుడో అగ్గిపుల్ల గీసినప్పుడో జరిగినవి.

ఈ గ్యాస్ గాలి కంటే బరువైనది కనుక పైకి పోకుండా నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తే ఫ్యాను గాని, లైటు గాని వేయకూడదు, వెలుగుతున్న దానిని ఆపనూ కూడదు. రెగ్యులేటర్‌ను ఆపి, తీసి, సిలిండర్‌తో వచ్చిన ప్లాస్టిక్ మూతను వాల్వు మీద బిగించండి. తాడుతో వేలాడే ఆ మూతను చాలా ఇళ్లలో మొదటి రోజే తెంపి పారేస్తారు, కాని వాల్వు దగ్గర లీకును ఆపేది అదే. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, అందరూ బయటికి వచ్చిన తరువాత 1906కు ఫోన్ చేయండి. అది గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు. మంట లేస్తే మాత్రం 101.

కొత్త సిలిండర్ బిగించిన ప్రతిసారీ వాల్వు లోపలి రబ్బరు రింగు సరిగా ఉందో లేదో డెలివరీ కుర్రవాడినే చూపించమనండి. సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడవచ్చు, అగ్గిపుల్లతో మాత్రం పరీక్షించకూడదు. నారింజరంగు సురక్షా గొట్టాన్ని అయిదేళ్లకు ఒకసారి మార్చాలి, గడువు దాని మీదే ముద్రించి ఉంటుంది.

ప్రశ్న: చేపల వేట నిషేధంలో మా బోట్లన్నీ రేవులోనే కట్టి ఉంటాయి. 2023లో జరిగినట్లు మళ్ళీ జరగకుండా మేము ఏమి చేయాలి? (ఒక బోటు యజమాని, ఫిషింగ్ హార్బర్)

జవాబు: 2023 నవంబరు 19 రాత్రి మన ఫిషింగ్ హార్బర్‌లో రేగిన మంటలలో 40 దాకా మర బోట్లు కాలిపోయాయి. బోట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండడం, వాటిలో డీజిల్, వంట సిలిండర్లు ఉండడం వల్ల ఆ నష్టం అంతగా పెరిగింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల నిషేధ కాలంలో దాదాపు అన్ని బోట్లూ రేవులోనే ఉంటాయి, పైగా మరమ్మతులు, వెల్డింగు, రంగులు కూడా అప్పుడే జరుగుతాయి. అంటే నిప్పురవ్వలూ, వాటికి అంటుకునేవీ ఒకే చోట చేరతాయి.

కనుక వేట ఆపిన రోజే సిలిండర్లను బోటు నుంచి దించి ఒడ్డుకు చేర్చండి, డీజిల్ వీలైనంత తీసివేయండి, బ్యాటరీ తీగలు విప్పండి. వెల్డింగు జరిగే బోటును మిగిలిన వాటికి దూరంగా జరిపి, పక్కనే ఆర్పే పరికరంతో ఒక మనిషిని ఉంచాలి. పని ముగిసిన తరువాత కూడా అతను కొంతసేపు అక్కడే ఉండాలి, వలల కుప్పలో పడిన రవ్వ వెంటనే అంటుకోకపోవచ్చు. కాపలాదారులు బోటులో వంట చేసుకోవడం మాన్పించండి. ఒక బోటు అంటుకుంటే దాని తాడు విప్పి నీళ్లలోకి వదిలేయడం కంటే, దాని పక్క బోట్ల తాళ్లు విప్పి వాటిని దూరంగా తీసుకుపోవడం మేలని మా అభిప్రాయం. కాలే బోటు గాలికి ఎటు కొట్టుకుపోతుందో ఎవరూ చెప్పలేరు.

నిషేధానికి ముందు రోజైన ఏప్రిల్ 14న అగ్నిమాపక వారోత్సవాలు మొదలవుతాయి. 1944లో ఆ రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో పత్తి, పేలుడు పదార్థాలు కలిపి నింపిన ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలి, మంటలు ఆర్పుతున్న అగ్నిమాపక సిబ్బంది 66 మంది చనిపోయారు. రేవులో ఏ సరుకు పక్కన ఏ సరుకు ఉండాలన్నది వారి ప్రాణాల మీదికి వచ్చిన విషయం. ఆ వారంలో సిబ్బంది ప్రజలకు ప్రదర్శనలు ఇస్తారు. మీ సంఘం తరఫున హార్బర్‌లోనే ఒకటి ఏర్పాటు చేయమని కోరండి.

ప్రశ్న: బావిలో పడిన మేకను తీయడానికి కూడా ఫైర్ స్టేషన్ వారు వస్తారా? (ఒక రైతు, పెందుర్తి)

జవాబు: వస్తారు. ఆ శాఖ పేరే విపత్తుల స్పందన, అగ్నిమాపక సేవల శాఖ. మేక కోసం మీరు మాత్రం దిగకండి. వేసవిలో పూడిక తీయడానికి పాత బావులలోకి దిగి, ఊపిరాడక పడిపోయిన మనిషిని రక్షించబోయి, రెండవ మనిషి కూడా ప్రాణం పోగొట్టుకున్న సంఘటనలు ఎన్నో విన్నాము. లాంతరు దించి, అది ఆరకపోతే దిగవచ్చుననే పాత పద్ధతిని నమ్మకండి. బావిలో ఆయిల్ ఇంజను నడిపితే చేరే కార్బన్ మోనాక్సైడ్‌ను లాంతరు పట్టి చూపలేదు.

ప్రశ్న: మా దుకాణంలో చిన్న మంట లేస్తే మేమే ఆర్పుకున్నాము. ఇన్సూరెన్సు వారు అగ్నిమాపక శాఖ పత్రం అడుగుతున్నారు. ఎలా తెచ్చుకోవాలి? (ఒక వ్యాపారి, డాబాగార్డెన్స్)

జవాబు: సిబ్బంది హాజరైన ప్రమాదానికే ఆ శాఖ ధ్రువపత్రం ఇస్తుంది. మీరు ఎవరికీ చెప్పకుండా ఆర్పుకున్నారు కనుక వారి రికార్డులో ఆ ప్రమాదమే లేదు. ఇప్పుడు కాలిన సరుకును కదపకుండా ఫోటోలు తీసి, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఆ రసీదుతో, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్‌ను పిలిపించమని కంపెనీకి రాతపూర్వకంగా కోరండి.