తుప్పు లేని బోల్టు ఎందుకు తెగింది?

ప్రశ్న: ఒక ఉక్కు కట్టడానికి బిగించిన 12.9 తరగతి (అతి బలమైన రకం) బోల్టుల్లో రెండింటి తలలు, అదనపు బరువేమీ పడకుండానే, నాలుగో రోజున ఊడిపడ్డాయి. జింకు పూత చెక్కుచెదరలేదు. తుప్పు పట్టిన పాత దూలాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. కారణమేమిటి? మిగతా బోల్టులను వేడి చేస్తే సరిపోతుందా?

జవాబు: బిగింపు మితిమీరి ఉంటే బోల్టు బిగించేటప్పుడే తెగేది. నాలుగు రోజులు ఆగి తెగిందంటే ముందుగా అనుమానించవలసింది హైడ్రోజన్‌ను. పూతకు ముందు ఉక్కును ఆమ్లంలో శుభ్రం చేసేటప్పుడూ, విద్యుత్తుతో జింకు పూసేటప్పుడూ దాని ఉపరితలం మీద హైడ్రోజన్ పరమాణువులు పుడతాయి. వాటిలో చాలావరకు జతకట్టి బుడగలై పోతాయి; జతకట్టకముందే లోపలికి దూరినవి, అతి చిన్నవి కావడం వల్ల, ఇనుప స్ఫటికాల సందుల గుండా మామూలు ఉష్ణోగ్రతలోనే కదులుతూ, లాగుడు ఎక్కువగా ఉండే మర మొదళ్ల దగ్గరా తల కింది మలుపు దగ్గరా పోగవుతాయి. ఆ నాలుగు రోజులూ ఈ ప్రయాణానికీ, పగులు పెరగడానికీ పట్టిన వ్యవధే.

ఇది కొత్త సంగతి కాదు. రెండు మూడుసార్లు మడిచినా విరగని ఇనుప తీగ కొద్ది నిమిషాలు ఆమ్లంలో నానితే ఒక్క మడతకే విరుగుతోందని, విరిగిన చోట తడి చేస్తే నురుగు వస్తోందని, కొంతకాలం అలా ఉంచితే తీగ మళ్లీ మునుపటిలా విరగకుండా వంగుతోందని జాన్సన్ అనే పరిశోధకుడు 1875లోనే రాశాడు.

దూలాలు నిలవడానికి కారణం వాటి మెత్తదనమే. మామూలు కట్టడపు ఉక్కు తన్యబలం (తెగకుండా లాగుడును తట్టుకునే బలం) 400 మెగాపాస్కల్ ప్రాంతంలో ఉంటుంది, మీ బోల్టులది 1200. బలమూ కాఠిన్యమూ పెరిగేకొద్దీ కొద్దిపాటి హైడ్రోజన్‌కే ఉక్కు పెళుసెక్కుతుంది. బలమైన బోల్టు వేస్తే భద్రత పెరిగినట్టేనని చాలామంది అనుకుంటారు, అక్కడే పొరపాటు.

హైడ్రోజన్ తయారీలోనే చేరాలనీ లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో-ఓక్లాండ్ బే వంతెనలో నీరు నిలిచిన గుంతల్లో ఏళ్ల తరబడి ఉన్న 96 జింకు పూత కడ్డీలను 2013లో బిగించగా, కొద్ది రోజుల్లోనే 32 తెగాయి.

లోపలి హైడ్రోజన్‌ను వెళ్లగొట్టడానికి సుమారు 200 డిగ్రీల సెల్సియస్‌లో గంటల తరబడి వేడి చేయడం పూత వేసిన వెంటనే చేయవలసిన పని. మొదలైన పగులును అది పూడ్చలేదు. కనుక ఆ విడతలోని బోల్టులన్నిటినీ మార్చండి. విరిగిన ముక్కలను తోమకుండా, పొడిగా ఉంచి పరీక్షకు పంపండి. స్ఫటిక రేణువుల సరిహద్దుల వెంట పగిలిన గుర్తులు సూక్ష్మదర్శినిలో కనిపిస్తే అనుమానం బలపడుతుంది.