ఎలక్టరు మాట తప్పితే మా అబ్బాయి ఓటు ఏమవుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి సియాటెల్‌లో ఉంటాడు. ఈమధ్యే అమెరికా పౌరసత్వం వచ్చింది. అధ్యక్ష ఎన్నికలో జనం గెలిపించిన ఎలక్టర్లు ఆనక తమకు నచ్చినవాళ్లకు ఓటు వేసేయొచ్చని ఎవరో చెప్పారట. అలాగైతే వాడి ఓటు వృథాయేనా? చట్టం ఊరుకుంటుందా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సియాటెల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్నంతకాలం ఆ టెన్షన్ అక్కర్లేదు. నవంబరులో జనం ఓటు వేసేది నిజానికి ఎలక్టర్లను ఎన్నుకోవడానికే. దేశం మొత్తం మీద వాళ్లు 538 మంది. డిసెంబరులో ఎవరి రాష్ట్రంలో వాళ్లు సమావేశమై అధ్యక్షుడికి ఓటు వేస్తారు. గెలవాలంటే 270 రావాలి. సొంత పార్టీ అభ్యర్థికే వేసి తీరాలని రాజ్యాంగంలో లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

2016లో వాషింగ్టన్‌లో హిల్లరీ క్లింటన్ గెలిచారు. ఆమె తరఫున ఎన్నికైన 12 మందిలో నలుగురు అడ్డం తిరిగారు. ముగ్గురు మాజీ విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్‌కు, ఒకరు ఫెయిత్ స్పాటెడ్ ఈగల్ అనే ఆదివాసీ నాయకురాలికి వేశారు. రాష్ట్రం తలా వెయ్యి డాలర్ల జరిమానా వేసింది. వారిలో ముగ్గురు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2020 జులై 6న తొమ్మిదిమంది న్యాయమూర్తులూ రాష్ట్రం పక్షానే నిలిచారు. ఎలక్టరును నియమించే అధికారం ఉన్న రాష్ట్రానికి షరతు పెట్టే అధికారమూ ఉంటుందని జస్టిస్ ఎలీనా కేగన్ రాశారు. కొలరాడోలో ఒక ఎలక్టరు బ్యాలెట్ మీద క్లింటన్‌కు బదులు రిపబ్లికన్ నాయకుడు జాన్ కేసిక్ పేరు రాస్తే, దాన్ని చెల్లదని పక్కనపెట్టి ఆయన స్థానంలో వేరొకరితో ఓటు వేయించారు. అదీ సబబేనన్నది కోర్టు. వాషింగ్టన్ కూడా 2019లో జరిమానా తీసేసి ఈ పద్ధతికే మారింది. నా దృష్టిలో ఇదే సరైన మందు. జరిమానా కట్టినా తప్పుడు ఓటు ఓటుగానే మిగిలిపోతుంది కదా!

మన రాష్ట్రపతి ఎన్నికలో ఇలాంటి కట్టడి లేదు. ఓటు రహస్యం, పార్టీలు విప్ జారీ చేయడానికి వీల్లేదు. 1969లో ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయమన్నాక, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. అమెరికాలో మాత్రం ఎలక్టర్లు మాట తప్పడం వల్ల అధ్యక్షుడు మారిన సందర్భం ఇప్పటివరకూ లేదు.

అయితే అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టం లేదు. కొన్నిచోట్ల ప్రమాణం చేయిస్తారు గానీ, తప్పితే శిక్ష ఉండదు. మీ అబ్బాయి ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్తే, అక్కడి చట్టం ఏమంటోందో ఓసారి చూసుకోమనండి.