వాసన ఫిర్యాదులను పటం మీద చదివే తీరు

చిరంజీవి మేనకోడలికి, విజయనగరం నుంచి మావయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళంలో గ్యాసు పైపులైన్ల సంస్థలో చేరావనీ, గ్యాసు వాసన వస్తోందని జనం చేసే ఫిర్యాదులను కంప్యూటరు పటం మీదికి ఎక్కించే పని నీకు అప్పగించారనీ అక్క చెప్పింది. చాలా ఏళ్లు అదే పని చేసినవాణ్ని కనుక కొన్ని సంగతులు నీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

ఫిర్యాదు అందిన మరుక్షణం మనిషి గ్యాసు డిటెక్టరుతో బయలుదేరాలి. నీ పటం కోసం ఎవరూ ఆగకూడదు. గాలిలో సహజవాయువు 5 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు.

పటం మీద నీవు పెట్టే చుక్క, వాసన తగిలిన మనిషి ఎక్కడ ఉన్నాడో మాత్రమే చెబుతుంది. సహజవాయువు గాలికంటే తేలిక, దారి దొరికితే పైకి పోతుంది. కాని పైన తారు రోడ్డో సిమెంటు రోడ్డో కప్పి ఉంటే, వానకు నేల నానిపోయి ఉంటే, పైకి పోలేక పైపు కందకం వెంట, కేబుళ్ల గొట్టాల వెంట, మురుగు కాలువల వెంట పక్కకు పాకి, ఎక్కడో ఒక ఇంటి గచ్చు పగులులోంచి బయటపడుతుంది. అందుచేత గ్యాసు పైపుల పొర ఒక్కటే పెట్టుకుని కూర్చోకు. మురుగు కాలువలు, కేబుళ్లు, ఇటీవల తవ్విన చోట్లు, ఒక్కొక్కటీ ఒక పొరగా వేసుకో. నేను పనిచేసిన ఒక ఊరిలో చుక్కలు దట్టంగా ఉన్నవని ఒక హాస్టలు ముందు రెండు రోజులు తవ్వించాను. అక్కడ మనుషులు ఎక్కువ కనుక ఫోన్లు ఎక్కువ వచ్చాయి, అంతే. లీకు రెండు వీధుల అవతల, కేబుల్ కందకం మొదట్లో ఉంది. ఆ రెండు రోజుల్లో ఏదైనా జరిగి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు. హీట్‌మ్యాప్‌లో, అంటే చుక్కలు దట్టంగా ఉన్నచోటును ఎర్రగా చూపే పటంలో, ఎర్రగా కనిపించిన చోటును నమ్మే ముందు, ఎన్ని ఫోన్లు వచ్చాయని కాక ఎన్ని ఇళ్ల నుంచి వచ్చాయని లెక్కించు.

ఫోను చేసిన వేళ వేరు, వాసన తగిలిన వేళ వేరు, రెండూ రాయించు. పగటి పూట సముద్రపు గాలి వీచేటప్పుడూ, రాత్రి గాలి నిలిచిపోయినప్పుడూ ఒకే లీకు వేర్వేరు ఇళ్లకు తెలుస్తుంది. లీకు తెలియడానికి పైపు గ్యాసులో కలిపినట్టే సిలిండరు గ్యాసులోనూ ఇటువంటి వాసనే కలుపుతారు కనుక ఇంట్లో సిలిండరు ఉందా అని తప్పక అడగాలి. అది గాలికంటే బరువైనది, నేల వారగా నిలుస్తుంది. కలిపిన వాసనను ఒక్కొక్కసారి మట్టి పీల్చేసుకుంటుంది. చుక్కలు లేని వీధి క్షేమమని తీర్మానించకు.

అక్షాంశ రేఖాంశాలను ఐదు దశాంశాల వరకూ ఉంచు, అప్పుడు తేడా మీటరు చుట్టుపక్కలే ఉంటుంది. మూడింటితో ఆపితే చుక్క పక్క వీధికి పోతుంది. దూరాలను డిగ్రీలలో కొలవకుండా క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేరులో యూటీఎం 44వ జోనుకు మార్చుకో. యూటీఎం అంటే భూమిని రేఖాంశాల వెంట జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి, 44వ జోను 84 డిగ్రీల దగ్గర ముగుస్తుంది. అయితే 84 డిగ్రీల రేఖాంశం శ్రీకాకుళం పట్టణం దాటగానే వస్తుంది కనుక పలాస, ఇచ్ఛాపురం 45వ జోనులో పడతాయి. జిల్లా అంతటి ఫిర్యాదులనూ కలిపేటప్పుడు ఇది మరచిపోకు.

లీకు దొరికి బాగు చేశాక ఆ చుక్కలను చెరిపేయకు. అసలు లీకు చోటును గుర్తించి, ఏ చుక్క దానికి ఎంత దూరంలో ఉందో రాసి పెట్టు. మురుగు కంపు అని తేలినవాటిని కూడా వేరే రంగులో ఉంచు. మీరు వాడే ఫిర్యాదు పత్రం నమూనా ఒకటి నాకు పంపు, అందులో ఏయే ప్రశ్నలు తక్కువయ్యాయో చూసి చెబుతాను.

మావయ్య