పందిరి రాటలు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు రచనలూ కిందటి వారమే అందాయి. ఒకటి విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం గురించి. రెండోది, సంబరం ముగిసిన ఐదో రోజు రాత్రి మీ సందులో ఒక ఇల్లు కాలిపోయిన సంగతి. రెండింటినీ తీరిగ్గా చదివి, రెండు రోజులు పక్కన పెట్టి, మళ్లీ చదివిన తర్వాతే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. చిన్నవాళ్లు అభిప్రాయం అడిగితే బాగుందని ఒక మాట అనేసి ఊరుకోవడం సులువే గానీ, నీ కాగితాల్లో నిజమైన సరుకు ఉంది కాబట్టి అలా తప్పించుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు.

ముందుగా మాటల సంగతి. మొదటి రచనలో ‘ఇసుక వేస్తే రాలనంత జనం’ అన్నావు, ‘భక్తి పారవశ్యంలో మునిగిన పట్టణం’ అన్నావు. రెండోదానిలో ‘ఎగసిపడిన అగ్నికీలలు’, ‘కట్టుబట్టలతో వీధిన పడ్డ కుటుంబం’ ఉన్నాయి. ఇవి తప్పుడు మాటలు కావు. జనం మీద ఇసుక వేసి చూడాలన్న ఊహ మొదట ఎవరికి వచ్చిందో గానీ ఆ మనిషి గొప్పగానే చూశాడు. అయితే ఇన్నేళ్లుగా మనందరం వాడి వాడి ఆ మాటను నున్నగా అరగదీశాం. ఇప్పుడది కంటికి ఆనకుండానే జారిపోతుంది. కట్టుబట్టలతో మిగిలారని రాసేటప్పుడు ఆ ఇల్లాలి ఒంటి మీద ఆ రాత్రి ఏ బట్ట ఉందో నీకు తెలిసి ఉండాలి. పండక్కి కట్టుకున్న కొత్త చీరను ఉతికి ఆరేసి, చిరుగుపట్టిన పాత నూలు చీరతో పడుకుందా? ఆ దండెం ఇంట్లో ఉందా, వాకిట్లో ఉందా? వాకిట్లో ఉంటే కొత్త చీర మిగిలిందన్నమాట. ఇల్లంతా పోయి పండగ చీర ఒక్కటే మిగిలిన మనిషి మర్నాడు ఆ చీర కట్టుకుని ఆఫీసు మెట్ల దగ్గర నిలబడితే చూసేవాళ్లు ఏమనుకుంటారో ఆలోచించు. అప్పుడు నీ వాక్యమే మారిపోతుంది.

సిరిమానును నువ్వు మూడు లాంతర్ల దగ్గర ఒక మేడ మీద నుంచి చూశావని చదువుతుంటేనే తెలుస్తోంది. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం నాడు, యాభై అరవై అడుగుల చింతమాను కొసన కట్టిన ఆసనంలో పూజారి కూర్చోవడం, గుడి నుంచి కోట దాకా మాను మూడుసార్లు తిరగడం, దాని ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడవడం, జనం అరటిపళ్లు విసరడం అన్నీ సరిగ్గానే రాశావు. కానీ ఇవన్నీ అందరూ తలెత్తి చూసేవే. అందరి కళ్లూ మాను కొసన ఉన్నప్పుడు దాని మొదట్లో ఏం జరుగుతోందో చూడడం రాసేవాళ్ల పని. రోడ్డు మీదికి రాకముందు అది ఎవరి పొలం గట్టునో, ఎవరి తోటలోనో పచ్చగా నిలబడ్డ చెట్టు. అమ్మవారు పూజారికి కలలో కనబడి ఫలానా చోట ఉన్నానని చెబుతుందని నమ్మకం. ఆ చెట్టుకు పసుపు కుంకుమలు పెట్టి, పూజ చేసి, కొట్టి, హుకుంపేట చేర్చిన తర్వాత వడ్రంగులు దాన్ని సిరిమానుగా చెక్కుతారు. దానితో పాటు, దానికి ఇరుసుగా అమర్చే ఇరుసుమాను కూడా తయారవుతుంది. నీ రచనలో ఇరుసుమాను పేరే లేదు. తన చింతచెట్టును ఇచ్చిన రైతు ఆ మంగళవారం ఎక్కడ నిలబడి చూస్తాడు? ఏటా ఏ కొమ్మ కాయ పులుసుకు బాగుంటుందో ఎరిగిన ఆ ఇంటి ఆడవాళ్లు ఆ మానును చూసి ఏమనుకుంటారు? దేవుడికి ఇచ్చామన్న తృప్తీ, గట్టు మీద నీడ పోయిందన్న వెలితీ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. ఆ మనిషిని వెతికి పట్టుకుని మాట్లాడి ఉంటే నీ రచన ఇంకొక ఎత్తులో ఉండేది.

నాకు బాగా తెలిసిన ఒక పెద్దావిడ ఇల్లు ఆ దారిలోనే ఉండేది. ముందు రోజు సోమవారం తొలేళ్లకే పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు, పిల్లలు ఆవిడ అరుగు మీద మూటలు దింపుకునేవారు. అందులో చుట్టాలు సగమైతే ముక్కూ మొహమూ తెలియనివాళ్లు సగం. రెండు ఇత్తడి బిందెల నిండా నీళ్లు పెట్టి, మంగళవారం పొద్దున్నే పిట్టగోడ లేని డాబా అంచు పొడవునా కొబ్బరితాడు కట్టి, పిల్లల్ని తాడు దాటనివ్వకండని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేది. సిరిమాను ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు డాబా మీది వాళ్లందరూ చేతులు జోడించి అటు చూస్తుంటే, ఆవిడ మాత్రం తాడు వైపు చూస్తూ నిలబడేది. నా చిన్నతనం నుంచి ఎన్నో ఏళ్లు అక్కడి నుంచే చూశాను. ఆవిడ ఒక్కసారైనా సిరిమానును కళ్లారా చూసుకుందో లేదో ఇప్పటికీ చెప్పలేను.

అమ్మవారి కథ వెనక దుఃఖం ఉందని నువ్వు ఒక్క వాక్యంలో చెప్పి దాటేశావు. అక్కడ కొంచెం ఆగవలసింది. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధంలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల సాయంతో గెలిచిన విజయనగరం రాజు విజయరామరాజు ఆ తర్వాత కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు. అన్న మరణం విని ప్రాణం విడిచిన చెల్లెలే పైడితల్లి అని, పెద్దచెరువులో ఆమె విగ్రహం దొరికిందని జనం చెప్పుకుంటారు. ఆ యుద్ధం చివర బొబ్బిలి కోటలోని ఇళ్లకు లోపలివాళ్లే నిప్పు పెట్టుకున్నారు. అంటే మనం ఇంత సంబరంగా జరుపుకునే ఊరేగింపును మూలం దాకా తవ్వుకుంటూ వెళితే అక్కడ కాలుతున్న ఇళ్లు కనబడతాయి. ఈ మాట నీకు ఇప్పుడే ఎందుకు చెబుతున్నానో ముందుకు చదివితే నీకే తెలుస్తుంది.

రెండో రచనలో ‘షార్ట్ సర్క్యూట్ కారణంగా’ అని రాశావు. ఎవరు చెప్పారమ్మా? నువ్వు అడిగిన మనిషి పేరు గానీ, అతను ఎలా తేల్చుకున్నాడన్నది గానీ ఎక్కడా లేదు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా మాట్లాడతాను, ఎందుకంటే సరిగ్గా ఇదే తప్పు నేను చేశాను. ఇరవై రెండేళ్ల వయసులో ఒక పత్రికకు వార్తలు పంపేవాణ్ణి. చీపురుపల్లి వైపు ఒక ఊళ్లో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తాటాకు ఇళ్ల వరుస ఒకటి తగలబడింది. నేను సాయంత్రానికి వెళ్లి, పొగను చూసి, ఇద్దరితో మాట్లాడి, షార్ట్ సర్క్యూట్ అని రాసి పంపేశాను. నాలుగో రోజున ఒకాయన ఆ పత్రిక ముక్కను మడిచి చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. “బాబూ, మా ఇంటికి కరెంటు ఎప్పుడిచ్చేరు?” అని అడిగాడు. ఆయన ఇంటికి కరెంటే లేదు. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. తీగకు కొక్కెం వేసి కరెంటు దొంగిలించారని రేపు ఎవరైనా అంటే ఏం చెప్పాలన్నది ఆయన భయం. ఇల్లు పోయిన మనిషికి నా వాక్యం మరొక బెంగ తెచ్చిపెట్టింది. ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను, సవరణ రాస్తానన్నాను, రాశాను కూడా. కానీ మొదటి వార్త చదివినవాళ్లందరూ సవరణ చదివారని నేను అనుకోవడం లేదు.

ఆయన వెంటే మళ్లీ ఆ ఊరు వెళ్లాను. వేపచెట్టు కింద రెవెన్యూ ఉద్యోగి కూర్చుని పోయిన వస్తువుల జాబితా రాసుకుంటున్నాడు. రెండు బస్తాల ధాన్యం, నులకమంచం, ఇత్తడి గుండిగ, పెట్టెలో పెట్టిన పెళ్లిబట్టలు, భూమి కాగితాలు. ఒక ముసలావిడ తిరగలి రాయమంది. రాయి కాలదు కదమ్మా అన్నాడాయన. “కాలదు బాబూ, కాగిపోనాది. నీళ్లు పోస్తే పగిలిపోనాది” అంది. ఆయన కలం ఆపి ఆవిడ వైపు చూసి, తిరగలి అని రాసుకున్నాడు. మంటను ఆర్పడానికి చల్లిన నీళ్లే, కాగిన రాయి మీద పడి దాన్ని రెండు చెక్కలు చేశాయన్నమాట. అక్కడే ఇంకో సంగతి కూడా తెలిసింది. పడమటి గాలికి మంట ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకు పాకుతుంటే, వరుసలో నాలుగో ఇంటాయన తన ఇల్లు ఇంకా అంటుకోకముందే తానే ఎక్కి కత్తితో కట్లు కోసి తాటాకంతా కిందికి లాగేశాడు. మంట అక్కడ ఆగింది. ఐదో ఇంటి నుంచి చివరి దాకా మిగిలాయి. ఆయన ఇల్లు కాలలేదు కాబట్టి జాబితాలో ఆయన పేరు ఎక్కడ రాయాలో ఎవరికీ పాలుపోలేదు. నేను మొదటి రోజు పంపిన వార్తలో తిరగలీ లేదు, ఈయనా లేడు. కాలిన ఇళ్ల లెక్క ఒక్కటే ఉంది.

ఇక నీ రచనల్లో నన్ను పట్టి ఆపిన వాక్యం దగ్గరికి వస్తాను. రెండో పేజీలో ఒక మూల రాశావు: ‘అమ్మవారి పందిరి రాటలు ఇంకా తీయకపోవడంతో ఫైరింజను సందు మొదట్లోనే ఆగిపోయింది, కుర్రాళ్లు రాటలు పీకేశాక లోపలికి వచ్చింది.’ ఇంతే రాసి, వెంటనే అగ్నికీలల వైపు వెళ్లిపోయావు. అమ్మా, నీ రెండు రచనలూ కలిసే చోటు ఇదే. ఏ చేతులు ఆ పందిరి వేశాయో ఆ చేతులే దాన్ని పీకాయి. పత్రికల్లో ఉత్సవానికి ఒక చోటు, ప్రమాదానికి ఇంకో చోటు ఉంటాయి కాబట్టి నువ్వు కూడా తెలియకుండానే మీ సందును రెండుగా కోశావు. నిజానికి ఆ మంగళవారానికీ ఆ ఆదివారం రాత్రికీ మధ్య సందు మారలేదు, మనుషులు మారలేదు, చందాల లెక్క కూడా ఇంకా తేలి ఉండదు. చందా ఎంత ఇస్తావన్న దగ్గర మాటామాటా అనుకున్న ఇద్దరు ఆ రాత్రి ఒకే బిందెను చేతులు మార్చుకుని ఉండవచ్చు. ఆ కాలిన ఇంటివాళ్లు చందా ఇచ్చారా? ఇవ్వలేకపోతే ఆ కుర్రాళ్లు ఏమన్నారు? ఇది అడగడం కష్టమే, అయినా అడుగు.

రెండు రచనలనూ కలిపి ఒకటిగా రాయి. దానికి ముందు మూడు నాలుగు చోట్లకు వెళ్లి రా. మీ అగ్నిమాపక కేంద్రానికి వెళ్లి, ఆ రాత్రి 101కు ఫోన్ ఎన్ని గంటలకు వచ్చిందో, బండి ఎప్పుడు బయల్దేరిందో, సందు బయట ఎంతసేపు ఆగిందో మర్యాదగా అడుగు. గొట్టం పట్టుకున్న మనిషితో మాట్లాడు. ఇరుకు సందుల్లో తాము పడే ఇబ్బందిని వాళ్లంత బాగా ఎవరూ చెప్పలేరు. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా వాళ్ల వారోత్సవాలు జరుగుతాయి. 1944లో ఆ మొదటి రోజునే బొంబాయి రేవులో పేలుడు పదార్థాలు, దూదిబేళ్లు ఉన్న ఓడ పేలిపోయి, ఆర్పడానికి వెళ్లిన సిబ్బంది ఎందరో చనిపోయారు. వాళ్లను తలుచుకునే వారమది. అప్పటి దాకా ఆగనక్కర్లేదు గానీ, ఆ వారంలో వెళితే తీరిగ్గా అన్నీ చూపించి చెబుతారు.

మాట్లాడినవాళ్ల భాషను దిద్దకు. నీ రచనలో కాలిన ఇంటి ముసలాయన ‘మా సర్వస్వం కోల్పోయాము’ అన్నట్టు ఉంది. ఆయన అలా అని ఉండడు. మీ ఊళ్లో గురజాడ అప్పారావు గారు కాపురమున్నారు, చాసో (చాగంటి సోమయాజులు) గారు కథలు రాశారు. మన మాటకు సాహిత్యంలో చోటు సంపాదించిపెట్టిన ఊరది. అలాగని ప్రతి పలుకునూ యాసగా విరిచి రాసి, చదివేవాళ్లు నవ్వుకునేలా కూడా చేయకు. ఆ మనిషి గొంతు వినబడడానికి ఎంత అవసరమో అంతే ఉంచు. వీలు చూసుకుని ఒకసారి శ్రీకాకుళం వెళ్లు. అక్కడ కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన కథానిలయంలో నాలుగు రోజులు కూర్చుని, మన వైపు వాళ్లు మాటను ఎలా పట్టుకున్నారో కథ తర్వాత కథ చదువు. నా ఉత్తరం కంటే అది ఎక్కువ నేర్పుతుంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మంట జరిగిన రాత్రి నువ్వు సెల్‌ఫోన్‌తో తీసిన ఫోటోలు కూడా పంపావు. నువ్వు ఫోటోలు తీశావా, బిందె పట్టుకున్నావా అని నేను అడగడం లేదు. రెండూ చేసి ఉంటావనే నా నమ్మకం. కానీ ఒక ఫోటోలో ఆ ఇల్లాలు తల బాదుకుంటూ నేల మీద కూర్చుని ఉంది, పైట సరిగ్గా లేదు. అది ఎక్కడా పెట్టకు. రచన పూర్తయ్యాక మొట్టమొదట ఆవిడకు చదివి వినిపించు. ఆవిడ వద్దన్న వాక్యం ఎంత బాగా కుదిరినా తీసెయ్యి. ఆవిడ ఆ సందులోనే బతకాలి, నువ్వూ ఆ సందులోనే నడవాలి.

చివరగా నాకు ఒక సంగతి తెలుసుకోవాలని ఉంది. ఆ రాత్రి పీకేసిన వెదురు రాటలు, తాటాకు తడికలు, వాటి తాళ్లు ఏమయ్యాయి? సప్లై షాపు వాడు తీసుకుపోయాడా, గోడవారగా పడి ఉన్నాయా, లేక వాటితోనే ఎవరైనా ఆ కాలిన ఇంటివాళ్లకు నాలుగు రాటలు పాతి తాత్కాలికంగా నీడ వేశారా? కనుక్కుని రాయి. నీ రచన ఎక్కడ ముగియాలన్నది ఆ జవాబును బట్టి ఉంటుందని నాకు అనిపిస్తోంది. వచ్చే ఉత్తరం కోసం చూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు