గేమింగ్ మానిటర్ కొనే ముందు ఒకసారి టేబుల్ కొలవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీ ఉంది. ఎక్కువగా వాలరెంట్, వారాంతాల్లో జీటీఏ 5, ఎల్డెన్ రింగ్ ఆడతారు. పగలంతా అదే స్క్రీన్ మీద ఆఫీసు పని. బడ్జెట్ 20 వేలు. 27 అంగుళాల కర్వ్‌డ్ ఫుల్ హెచ్‌డీ, 240 హెర్ట్జ్ మానిటర్ ఆఫర్‌లో 14 వేలకు వస్తోంది, తీసుకోవచ్చా అని.

వద్దండీ. దాదాపు అలాంటిదే, కాకపోతే 165 హెర్ట్జ్‌ది, నేను 2021లో ఆన్‌లైన్ సేల్‌లో కొన్నాను. రెండేళ్ళు వాడి సగం ధరకి అమ్మేశాను. ఫలానా మోడల్ కొనండి అని ఒక పేరు చెప్పొచ్చు గానీ, మీరు వెతికేసరికి అది స్టాక్ ఉండదు. ఎలా చూడాలో తెలిస్తే ఏ ఆఫర్ వచ్చినా మీరే తేల్చుకోగలరు కాబట్టి, నాకు ఎదురైనవి ఎదురైనట్టు రాస్తున్నాను.

ముందు సైజు సంగతి. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. ఇవి 24 అంగుళాల తెర మీద అంగుళానికి 92 దాకా వస్తాయి. అవే చుక్కలు 27 అంగుళాల మీద పరిస్తే 82కి పడిపోతాయి. పది చుక్కలే కదా అనుకున్నాను నేను కూడా. నాది తెలుగు సబ్‌టైటిల్స్ చేసే పని. ఇంగ్లీషు అక్షరాలు పర్వాలేదనిపించేవి, తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఒత్తులన్నీ అలుక్కుపోయేవి. ‘స్వాతంత్ర్యం’ అని టైప్ చేస్తే త చుట్టూ ఉన్న క్రావడి, దాని పక్కన య ఒత్తు రెండూ కలిసిపోయి బూడిదరంగు మచ్చలా కనిపించేవి. క్రావడి పడిందో లేదో చూసుకోవడానికి ప్రతిసారీ జూమ్ చేసేవాడిని. సాయంత్రానికి కళ్ళు లాగేసేవి. ఆటలో అయితే కరెంటు తీగలు, ఇనుప కంచెలు, దూరంగా ఉన్న మేడల అంచులు మెట్లు మెట్లుగా కనిపించేవి. ఏ సెట్టింగ్ మార్చినా అది పూర్తిగా పోదు, అక్కడ చుక్కలే చాలవు.

అదే 27 అంగుళాల్లో 1440పీ, అంటే 2560 × 1440 తీసుకుంటే అంగుళానికి 109 చుక్కలు వస్తాయి. ఇప్పుడు నేను వాడుతున్నది ఇదే. మొదటి రోజు సబ్‌టైటిల్ ఫైల్ తెరిచి చూస్తే ఒత్తులు ముద్రించిన పుస్తకంలో ఉన్నంత విడివిడిగా కనిపించాయి. ఆ రోజు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

ఇక టేబుల్. 27 అంగుళాల తెర వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. నా పాత టేబుల్ లోతు అడుగున్నర మాత్రమే, పైగా మానిటర్ స్టాండే జానెడు ముందుకి వచ్చేసేది. అంత దగ్గర్నుంచి చూస్తే తెర మొత్తం ఒక్క చూపులో పట్టదు. వాలరెంట్‌లో మినీమ్యాప్ పైన ఎడమ మూల ఉంటుంది కదా, దాన్ని చూడాలంటే మెడ తిప్పాల్సి వచ్చేది. ఆ అర క్షణంలో ఎదుటివాడు కాల్చేస్తాడు. కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటలు వృత్తిగా ఆడేవాళ్ళలో ఎక్కువమంది ఇప్పటికీ 24, 25 అంగుళాల దగ్గరే ఉండడానికి ఇదొక కారణం. మీ కళ్ళకీ తెరకీ మధ్య రెండడుగులు రాకపోతే 24 అంగుళాలే హాయిగా ఉంటుంది. వస్తే 27.

ఇప్పుడు హెర్ట్జ్. సెకనుకి తెర ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ అంకె అది. 60 హెర్ట్జ్‌లో ఒక్కో బొమ్మకీ 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. 144లో 6.9. 165లో 6.1. 240లో 4.2. లెక్క చూడండి: 60 నుంచి 144కి వెళ్తే దాదాపు పది మిల్లీసెకన్లు కలిసొస్తాయి, 165 నుంచి 240కి వెళ్తే రెండే. మొదటి మార్పు ఎవరి కంటికైనా ఇట్టే తెలుస్తుంది, డెస్క్‌టాప్ మీద మౌస్ కదిపినా తెలుస్తుంది. రెండోది బాగా ఆడేవాళ్ళకి తెలుస్తుందేమో, నాకు మాత్రం పక్కపక్కన పెట్టి చూసినా తేడా పట్టుకోవడం కష్టమైంది. అందుకని మీ బడ్జెట్‌లో 240 అనే అంకె కోసం చుక్కలనీ ప్యానెల్‌నీ వదులుకోవద్దనే నా సలహా.

ఇక్కడ ఒక విషయం తప్పకుండా చెప్పాలి. ఆ మొదటి మానిటర్ కొన్న నాలుగు నెలలకి మా అక్క కొడుకు వేసవి సెలవులకి వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు అప్పుడు. కూర్చుని రెండు నిమిషాలు ఆడి, “మామయ్యా, ఇది 60లోనే నడుస్తోంది” అన్నాడు. నేను నమ్మలేదు. వాడే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి చూపించాడు. రిఫ్రెష్ రేట్ దగ్గర 60 అనే ఉంది. మార్చబోతే 120 వరకే చూపించింది. నేను ఇంట్లో పడి ఉన్న పాత హెచ్‌డీఎంఐ కేబుల్‌ని మానిటర్‌కి ఉన్న హెచ్‌డీఎంఐ 1.4 పోర్టుకి పెట్టాను, ఫుల్ హెచ్‌డీలో దాని శక్తి అంతే. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టగానే 165 వచ్చింది. డబ్బు పోసి కొన్న వేగాన్ని నాలుగు నెలలు వాడుకోలేకపోయాను. మీరు ఏది కొన్నా, పెట్టె తెరిచిన రోజే డిస్‌ప్లేపోర్ట్‌తో కలిపి, ఆ సెట్టింగ్ చూడండి. కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా అన్నది కూడా.

కార్డు సంగతికి వస్తే, 1440పీలో చుక్కలు ఫుల్ హెచ్‌డీ కన్నా 78 శాతం ఎక్కువ. ఆ బరువు మోయాల్సింది మీ 3060. వాలరెంట్‌కి ఏ ఇబ్బందీ లేదు, అది కార్డు కన్నా ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడే ఆట. జీటీఏ 5 పాతది, హాయిగా నడుస్తుంది. ఎల్డెన్ రింగ్ పీసీలో ఎలాగూ సెకనుకి 60 ఫ్రేముల దగ్గరే ఆగిపోతుంది, దానికి 240 హెర్ట్జ్ తెర పెట్టినా, 144ది పెట్టినా ఒకటే. కొత్తగా వస్తున్న పెద్ద ఆటల్లో మాత్రం సెట్టింగ్స్ తగ్గించుకోవాల్సి వస్తుంది, డీఎల్ఎస్ఎస్ (తక్కువ చుక్కలతో గీసిన బొమ్మని ఏఐతో పెద్దది చేసి చూపే ఎన్‌విడియా సదుపాయం) ఆన్ చేసుకోవాలి. నేనూ 3060తోనే 1440పీలో ఆడుతున్నాను, ఇబ్బంది పడలేదు. 4కే జోలికి మాత్రం వెళ్ళకండి, ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతల చుక్కలు, ఈ కార్డు ఆయాసపడుతుంది.

ఫ్రేములు ఒకసారి 60, ఒకసారి 52 అని ఊగుతున్నప్పుడు బొమ్మ మధ్యలో చిరిగినట్టు కనిపించడం, జర్కులు రావడం మీరు చూసే ఉంటారు. దానికి మందు అడాప్టివ్ సింక్. కార్డు ఎప్పుడు బొమ్మ ఇస్తే అప్పుడే తెర మారుతుంది. మీ కార్డు చిప్ చేసే ఎన్‌విడియా 2019 జనవరి నుంచి ఫ్రీసింక్ (అడాప్టివ్ సింక్‌కి ఏఎమ్‌డీ పెట్టిన పేరు) మానిటర్లకి కూడా దీన్ని తెరిచింది, జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి పైకి, డిస్‌ప్లేపోర్ట్ ద్వారా పనిచేస్తుంది. కాబట్టి ఫ్రీసింక్ అని ఉంటే అది ఏఎమ్‌డీ కార్డులకే అని వదిలేయకండి. మానిటర్ మెనూలో ఒకసారి, ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఒకసారి, రెండు చోట్లా ఆన్ చేయాలి.

ప్యానెల్ (తెర లోపలి పలక; వీఏ, ఐపీఎస్ అనేవి దాని రకాలు) విషయంలో నేను బాగా దెబ్బతిన్నాను. ఈ ధరలో కర్వ్‌డ్ అంటే దాదాపు ఎప్పుడూ వీఏ ప్యానెలే. కాంట్రాస్ట్‌లో అది గొప్పది, 3000:1 దాకా ఉంటుంది, ఐపీఎస్‌లో మామూలుగా 1000:1. లైట్లు ఆర్పేసి సినిమా చూస్తే నలుపు నిజంగా నల్లగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ చవక వీఏలో నల్ల చుక్క వెలుతురులోకి మారడానికి ఆలస్యం చేస్తుంది. జీటీఏలో రాత్రిపూట హైవే మీద వెళ్తుంటే దీపస్తంభాల వెనక ఊదారంగు చారలు సాగేవి. ఎల్డెన్ రింగ్‌లో గుహలోకి దిగి కెమెరా తిప్పితే రాతిగోడ మొత్తం తడిగుడ్డతో మసి తుడిచినట్టు అయిపోయేది. తిప్పడం ఆపితేగానీ మూలన శత్రువు ఉన్నాడో లేదో తెలిసేది కాదు. పెట్టె మీద మాత్రం పెద్ద అక్షరాలతో ‘1 మిల్లీసెకను’ అని ఉంది. తర్వాత తెలిసింది, అది ఎంపీఆర్‌టీ అని, బ్యాక్‌లైట్‌ని ఆర్పుతూ వెలిగిస్తూ సాధించే అంకె అని. ఆ మోడ్ పెడితే నా మానిటర్‌లో వెలుతురు బాగా తగ్గిపోయేది, అడాప్టివ్ సింక్ ఆగిపోయేది. చుక్క ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మారే వేగాన్ని జీటూజీ అంటారు, చూడాల్సింది దాన్ని. అది కూడా కంపెనీ చెప్పిన మాట కాకుండా ఎవరైనా కొలిచి పెట్టిన రివ్యూలో.

ఐపీఎస్‌లోనూ లోపాలున్నాయి. చీకటి గదిలో మూలలు కొద్దిగా తెల్లగా వెలుగుతాయి. నేను వెనక గోడకి చిన్న బల్బు ఒకటి పెట్టాక అది పట్టించుకోవడం మానేశాను. పగలు ఆఫీసు పని, సాయంత్రం ఆట అన్న మీలాంటివాళ్ళకి ఐపీఎస్ సరిపోతుంది. రంగులు బాగుంటాయి, పక్కన కూర్చుని చూసేవాళ్ళకీ బొమ్మ పాలిపోదు. చుక్కలు రంగు మారే వేగాన్ని పెంచే ఓవర్‌డ్రైవ్ అనే సెట్టింగ్ మాత్రం అన్నిటికన్నా ఎక్కువలో పెట్టకండి, కదిలే వస్తువు వెనక తెల్లటి నీడ పడుతుంది. మధ్యలో ఉంచితే చాలు.

హెచ్‌డీఆర్ (వెలుతురుకీ చీకటికీ మధ్య తేడాని ఎక్కువగా చూపే పద్ధతి) అన్న ముద్ర చూసి మాత్రం ఒక్క రూపాయి కూడా అదనంగా పెట్టొద్దు. డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 అంటే గరిష్ఠ వెలుతురు 400 నిట్స్ ఉంటే ఇచ్చేస్తారు, తెరలో ఒక భాగాన్ని చీకటి చేసి ఇంకో భాగాన్ని వెలిగించే ఏర్పాటు తప్పనిసరి కాదు. ఆ ఏర్పాటు లేకుండా హెచ్‌డీఆర్ అనడం మసిపూసి మారేడుకాయ చేయడమే. నేను ఆన్ చేస్తే రంగులు వెలిసిపోయాయి, ఆఫ్ చేసి మళ్ళీ ముట్టుకోలేదు.

ముందు ముందు పీఎస్5 గేమ్ కన్సోల్ కొనే ఆలోచన ఉంటే ఒక్క మాట. అది 2022 సెప్టెంబర్ అప్‌డేట్ నుంచి 1440పీ ఇస్తోంది, కాబట్టి చిక్కు లేదు. కానీ దానిలో వీఆర్ఆర్ (పైన చెప్పిన అడాప్టివ్ సింక్ లాంటిదే) పనిచేయాలంటే మానిటర్‌కి హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్ఆర్ ఉండాలి. ఆలోచన లేకపోతే దీని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

రెండో మానిటర్ నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ షాపుల సముదాయానికి వెళ్ళి కొన్నాను. 27 అంగుళాలు, 1440పీ, ఐపీఎస్, 165 హెర్ట్జ్. ఆన్‌లైన్ కన్నా ఎనిమిది వందలు ఎక్కువైంది. కానీ షాపు అబ్బాయి పెట్టె తెరిచి, ప్లగ్ పెట్టి, తెర మొత్తం నలుపు, తెలుపు, ఎరుపు, పచ్చ, నీలం ఒక్కొక్కటిగా వేసి చూపించాడు. మొదటి పీస్‌లో సరిగ్గా మధ్యన ఒక చుక్క ఎర్రగా నిలిచిపోయి ఉంది. అతనే లోపల పెట్టేసి ఇంకోటి తెచ్చాడు. ఒకటి రెండు చుక్కలు పాడైతే చాలా కంపెనీలు వారంటీ కింద మార్చవు, అందుకే మొదటి రోజు చూపు చాలా ముఖ్యం. ఆన్‌లైన్‌లో తీసుకుంటే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి, రిటర్న్ గడువు దాటకముందే ఈ ఐదు రంగులూ వేసి చూసుకోండి. స్టాండ్ ఎత్తు మారేది ఎంచుకోండి. నా మొదటిది వంగడమే తప్ప లేచేది కాదు, దాని కింద లావుపాటి పుస్తకాలు పెట్టుకుని పనిచేశాను. ఎత్తు మారకపోతే కనీసం వెనక 100 × 100 మిల్లీమీటర్ల వెసా (VESA) రంధ్రాలైనా ఉండాలి, తర్వాత మానిటర్‌ని పట్టుకునే ఆర్మ్ బిగించుకోవచ్చు.

మీ విషయంలో నేనైతే 27 అంగుళాల 1440పీ ఐపీఎస్, 165 లేదా 180 హెర్ట్జ్ తీసుకుంటాను. నేను ఈమధ్య తమ్ముడి కోసం వెతికినప్పుడు 17 నుంచి 20 వేల మధ్య దొరికాయి, మీ బడ్జెట్‌లోనే. టేబుల్ లోతు తక్కువైతే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్, అదే వేగంతో. పది వేల అటూ ఇటూగా అయిపోతుంది, మిగిలిన డబ్బుతో మంచి కుర్చీ వస్తుంది. మా మేనల్లుడు ఇప్పటికీ అదే వాడతాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా 27 ముందు కూర్చుని జీటీఏ ఆడతాడు, వాలరెంట్ మాత్రం ఇంటికి వెళ్ళే ఆడతానంటాడు.

టేప్ తీసుకుని, కుర్చీలో మామూలుగా ఎలా కూర్చుంటారో అలా కూర్చుని, కళ్ళ దగ్గర్నుంచి తెర నిలబడే చోటి దాకా కొలవండి. స్టాండ్‌కి జానెడు వదిలి. రెండడుగులు వచ్చిందా, 27. రాలేదా, 24. ఈ ఆదివారం సేల్ అయిపోతుందని తొందరపడకండి, ఇలాంటి ధర పండగ ఆఫర్లలో మళ్ళీ వస్తుంది.